డిస్కు రికవరీకి అమలాపురం వెళ్లాను: 5కి 4

అంబాజీపేట దగ్గర చిన్న స్టూడియో నాది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికొచ్చిన 11 ప్రభలూ (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాలు) వీడియో తీసి, రాత్రి కార్డులోంచి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కిస్తున్నాను. కాపీ కాదు, కట్ కొట్టాను, అంటే ఎక్కిన ఫైలు కార్డులోంచి చెరిగిపోతుంది. అదే నా మొదటి తప్పు. సగంలో కరెంటు పోయింది. మా వైపు కొబ్బరి మట్ట తీగ మీద పడినా పోతుందిలెండి. ఇన్వర్టర్ ఉంది గానీ మీట యూపీఎస్ వైపు లేదు, నార్మల్‌లో ఉంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, కంప్యూటర్ మాత్రం ఆరిపోయింది. మళ్లీ వెలిగించాక డిస్కు తెరవబోతే ఫార్మాట్ చేయమంటారా అనడిగింది.

కంగారులో విండోస్‌లో డిస్కు తప్పులు సరిదిద్దే చెక్‌డిస్క్ కొట్టాను. ఫోల్డర్లు పోయి, సీహెచ్‌కే అని తోక ఉన్న ఫైళ్లు కుప్పగా మిగిలాయి. మర్నాడు అదే కార్డు మీద ఇంకో తీర్థం తీసేశాను కూడా, దాంతో కార్డులోంచి వెనక్కి తెచ్చుకునే దారీ పోయింది.

పోయిన ఫైళ్లు వెనక్కి తీసే చోటు అమలాపురంలో మేడ మీద ఇరుకు గది. కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. విని, "మీరే చెక్‌డిస్క్ కొట్టేశారాండీ?" అన్నాడు, డాక్టరు సొంత వైద్యం గురించి అడిగినట్టు. నా డిస్కు మీద ఒక్క అక్షరం రాయలేదు. ముందు డిస్కుకి నకలు తీసే డీడీరెస్క్యూతో మొత్తం ఇంకో డిస్కులోకి దించి, ఆ నకలు మీద పోయిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ నడిపాడు. ఈ ఒక్క పద్ధతికే నేను మూడు మార్కులేస్తాను.

కారణమూ చెప్పాడు. కాపీ అయినట్టు చూపించినవి కూడా కొన్ని డిస్కుకి చేరక ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉంటాయట, కరెంటు పోతే అవీ పోతాయి. పైగా తమ్ముడి మ్యాక్‌లోనూ పనికొస్తుందని డిస్కుని ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టుకున్నాను, డిస్కులో ఫైళ్ల లెక్క రాసుకునే పద్ధతుల్లో అదొకటి. కొబ్బరి కొట్లో గుమాస్తా ముందు చిట్టా రాసి తర్వాత ఆవర్జాకి (ఖాతా పుస్తకానికి) ఎక్కిస్తాడు చూడండి, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 అనే వేరే పద్ధతులు అలా చేస్తాయి. మధ్యలో దీపం ఆరినా చిట్టా చూసి సరిచేసుకుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌కి చిట్టా లేదు. "అలాగని ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మీ వీడియో దక్కేదని కాదండీ, అది ఫోల్డర్ల లెక్కే కాస్తుంది" అని కూడా అన్నాడు. సరుకు అమ్ముకునేవాడు ఆ మాట అనడు.

ఐదు రోజులు, 4,500 రూపాయలు. ఫైళ్లు చాలావరకు వచ్చాయి, పేర్లు మాత్రం రాలేదు. అన్నీ ఎఫ్ పక్కన అంకెలే. ఏది ఏ ఊరి ప్రభో తేల్చడానికి రెండు రాత్రులు పట్టింది. ముక్కలు ముక్కలుగా రాసిన వీడియోలు రావడం కష్టమని ముందే చెప్పాడు, అలాగే అయింది. గంగలకుర్రు అగ్రహారం ప్రభ దారిలోని కౌశిక ఏట్లోకి దిగేదాకా ఉంది. ఆవలి గట్టు ఎక్కే క్లిప్పు తెరుచుకోనే లేదు.

తగ్గించిన మార్కు దేనికంటే, నా నకలు ఎప్పుడు చెరిపేస్తారని అడిగితే "చూద్దాంలెండి" అన్నాడు. పెళ్లిళ్ల వీడియోలున్న డిస్కండీ అది. నా ఎదురుగా చెరిపించుకునే వచ్చాను.

ఇన్వర్టర్ మీట ఇప్పుడు యూపీఎస్ వైపు ఉంది, మీద టేపు కూడా వేశాను. గంగలకుర్రు వాళ్లకివ్వాల్సిన గట్టెక్కే సీను వాళ్ల ఊరి కుర్రాడి ఫోన్లో దొరికింది, నిలువుగా తీసింది.