ఆరేళ్ల మైక్రోఫిల్మ్ గది: ఒక కీపర్ అనుభవం

ఆరేళ్లుగా మా బల్ల దగ్గర ‘కాల్ ఆఫ్ కతూలూ’ ఆటను కీపర్‌గా, అంటే కథ చెప్పే వ్యక్తిగా, నడిపిస్తున్నాను. ఆటగాళ్లు తలో పాత్రగా మారి, పాచికలు వేస్తూ రహస్యాలు ఛేదించే ఆట ఇది. కేయాసియం సంస్థ 1981లో తెచ్చిన ఈ ఆటలో తుపాకీ గురి కన్నా పాత పేపర్లు తిరగేసే ఓపికకే విలువ ఎక్కువ. దానికి ‘లైబ్రరీ యూజ్’ అని ఒక నైపుణ్యమే ఉంది. ఏడో ఎడిషన్‌లో ప్రతి పాత్రకూ అది 20 శాతం అవకాశంతో మొదలవుతుంది. పాచికలు అనుకూలిస్తే ఆధారం దొరుకుతుంది, లేకపోతే లేదు. నాకు అదెప్పుడూ చప్పగానే ఉండేది. అసలు వెతకడం ఎలా ఉంటుందో చూద్దామని, అమెరికాలో మేముండే ఊరి గ్రంథాలయంలో మైక్రోఫిల్మ్ గదికి, అంటే పాత పేపర్లను చిన్న ఫొటోలుగా ఫిల్ము రీళ్ల మీద దాచిన గదికి, వెళ్లడం మొదలుపెట్టాను.

మొదటిరోజు ఆ రీళ్లను పెద్దవి చేసి చూపించే యంత్రం నాకు చుక్కలు చూపించింది. 35 మిల్లీమీటర్ల రీలు తిరగేసి ఎక్కించానేమో, అక్షరాలు అద్దంలో చూసినట్టు వచ్చాయి. వేగంగా తిప్పితే కళ్లు తిరుగుతాయి. ఒక పాత డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. అసిటేట్ ఫిల్ము పాడవుతుంటే అలాగే ఉంటుందట. ఆ వాసనను మురిసిపోతూ ఆటలో పెట్టాను. కథాకాలం 1924. ఒక ఆటగాడు వెంటనే పట్టేశాడు: అప్పుడు మైక్రోఫిల్మ్ ఎక్కడిది? నిజమే. కోడక్ వారి రికార్డాక్ యంత్రం 1928లో బ్యాంకు చెక్కుల కోసం వచ్చింది. పేపర్లను ఫిల్ముకెక్కించడం 1935 నుంచి. అప్పటినుంచి 1920ల కథల్లో బైండు చేసిన బరువైన సంపుటాలే వాడుతున్నాను, రీళ్లను 1950ల కథలకు అట్టిపెట్టాను.

అమెరికా పాత పేపర్ల వెబ్‌సైట్ ‘క్రానిక్లింగ్ అమెరికా’ను ఇంట్లోనే ఉచితంగా చూడవచ్చు కదా అంటారు. చూస్తాను, పేర్ల కోసం. కానీ వెతుకుపెట్టె అడిగిన దాన్నే తెచ్చి ముందు పెడుతుంది. రీలు అడగనివి కూడా చూపిస్తుంది. ఒకసారి అగ్నిప్రమాదం వార్త కోసం మధ్యాహ్నమంతా కూర్చున్నాను. దొరకలేదు. బావి నీళ్లు చేదెక్కాయని ఒక రైతు మొర, దాని కిందే అత్యవసరంగా పియానో అమ్మకం ప్రకటన కనబడ్డాయి. ఆ రెండింటితో మూడు వారాల ఆట నడిచింది. ఇప్పుడు మా బల్ల దగ్గర పాచికలు ఓడితే ఖాళీ చేతులతో పంపను. పక్క కాలమ్‌లోని వార్త ఇస్తాను. అది ఆధారమో కాదో వాళ్లే తేల్చుకోవాలి.

లోపాలు లేకపోలేదు. సూచిక ఉండదు, తేదీ తెలియకుండా వెళితే రోజు గడిచిపోతుంది. ప్రింటు మసకగా వస్తుంది. ఆటగాళ్ల చేతికిచ్చే కాగితానికి మాత్రం ఆ మసకే అందం. ఒక రీలులో 1927 మార్చి నెల మొత్తం లేదు. ఫిబ్రవరి 28 తర్వాత నేరుగా ఏప్రిల్ 1. మా వాళ్లు ఆ నెలలో ఏం జరిగిందో ఇంకా వెతుకుతున్నారు. నాకూ తెలియదు.