స్నేహితురాలికి చెప్పడమా, పెద్దవారికి చెప్పడమా?

ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి తొలి ప్రేమ సంగతిని ముందుగా చెప్పుకొనేది స్నేహితురాలికే; మొటిమ కనబడకుండా ఫిల్టర్ పెట్టిన సెల్ఫీని అతనికి పంపాలా వద్దా అని పదే పదే చూసుకొనే బెంగ ఆ వయసు వారికే వెంటనే అర్థమవుతుంది. అయితే "నల్లగా ఉన్నావు" అన్న అతని మాటకు కుమిలిపోతున్న పిల్లను, అద్దం ముందు తానూ అదే బాధ పడే స్నేహితురాలు ఓదార్చగలదే గాని నిలబెట్టడం కష్టం.

అమ్మకో పిన్నికో చెబితే మందలిస్తారని, ఫోను లాక్కుంటారని భయం. అది ఉత్త భయం కాదు. అయినా, ఫోటోలు బయటపెడతానని అతను బెదిరిస్తే ఒక్క పూట కూడా దాచకుండా పెద్దవారికే చెప్పాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే 18 ఏళ్లలోపు వారిని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేసేదాకా తోడు నడవగలిగేది వారే. ఇంట్లో నోరు విప్పలేని పిల్లలు పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయవచ్చు. మనోవేదనకు ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416.