మామిడి తోటల్లో ప్లగ్-ఇన్ జీపీఎస్ రిసీవర్: ఏళ్ల వాడకం తర్వాత

మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోటలు నమోదు చేయడం నా పని. చిత్తూరు ప్రాంతంలో బంగారుపాళ్యం, పూతలపట్టు, పాకాల, దామలచెరువు చుట్టుపక్కల తోతాపురి తోటల గట్ల వెంట నడిచి, హద్దులు చేతిలోని కంప్యూటర్‌లోకి ఎక్కించి, విస్తీర్ణాన్ని ఎకరాలు, సెంట్లలో తేల్చాలి. మొదట్లో పాకెట్ పీసీ అనే చేతి కంప్యూటర్‌లో, కాంపాక్ట్‌ఫ్లాష్ అనే కార్డు స్లాటులోకి దూర్చే జీపీఎస్ రిసీవర్ వాడాను. ఇప్పుడు టాబ్లెట్‌కు ఓటీజీ అడాప్టర్‌తో తగిలించే యూఎస్‌బీ రిసీవర్ వాడుతున్నాను. రెండింటినీ ఎండలో, దుమ్ములో తిప్పాను కాబట్టి గట్టిగా చెప్పగలను: కొనేవారు చూడవలసింది ఎన్ని మీటర్ల తేడాలో స్థానం చెబుతుందని పెట్టె మీద రాసిన లెక్క కాదు, యాంటెన్నా ఎక్కడ ఉంటుందన్నది.

స్లాటులో నేరుగా కూర్చునే రిసీవర్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తీగ లేదు, జేబులో పడుతుంది. కానీ దాని యాంటెన్నా మన ఛాతీ ముందే ఉండిపోతుంది. సగం ఆకాశాన్ని మన ఒళ్లే కప్పేస్తుంది. తెర చదవడానికి పరికరాన్ని వంచితే యాంటెన్నా ముఖం కూడా వంగుతుంది. బయలు పొలంలో ఇది పెద్ద లోపంగా కనిపించదు. ముదురు మామిడి తోటలోకి వెళ్లగానే తేడా తెలుస్తుంది. నీరు నిండిన దట్టమైన ఆకు జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని బాగా పీల్చుకుంటుంది. అసలే బలహీనమైన సంకేతానికి మన శరీరం కూడా అడ్డు నిలిస్తే ఉపగ్రహాలు ఒక్కొక్కటే జారిపోతాయి.

అందుకే తీగ ఉన్న బిళ్ల రిసీవర్‌నే నేను ఇష్టపడతాను. టోపీ మీద కుట్టించుకున్న చిన్న సంచిలో దాన్ని పెట్టి, తీగను భుజం మీదుగా టాబ్లెట్‌కు దించుతాను. లోపల 25 మిల్లీమీటర్ల చదరపు సిరామిక్ యాంటెన్నా ఉన్నదాన్నే అడిగి తీసుకోండి. తీగ లేకుండా నేరుగా గుచ్చే గోరంత డాంగిల్‌లో అంత యాంటెన్నా పట్టదు, చెట్ల కింద ఆ లోటు తెలుస్తుంది.

చిప్ సంగతి తర్వాతిదే అయినా చిన్నది కాదు. సర్ఫ్‌స్టార్ 3 అనే జీపీఎస్ చిప్ వచ్చాక చెట్ల కింద కూడా స్థానం నిలవడం మొదలైంది. నా కార్డులో ఉన్నది అదే, ఆ చిప్ మీద నాకు ఇప్పటికీ గౌరవం. అయితే అందులో స్టాటిక్ నావిగేషన్ అనే అమరిక ఒకటి ఉంటుంది. వేగం బాగా తగ్గితే మనం ఆగిపోయామని అనుకుని స్థానాన్ని బిగించేస్తుంది. కారుకు మంచిదే కానీ, గట్టు మీద నెమ్మదిగా నడిచేవారికి తోట మూలలు తెగిపోతాయి. దాన్ని ఆపేశాకే హద్దు నడవాలి. యూ-బ్లాక్స్ ఎం8 తరం చిప్ ఉన్న రిసీవర్ జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో ఉపగ్రహాలను కూడా ఒకేసారి అందుకుంటుంది. భాకరాపేట ఘాట్ వైపు కొండల మధ్య తోటల్లో ఆ అదనపు ఉపగ్రహాలే ఆదుకుంటాయి.

విస్తీర్ణం గురించి రైతులు అడిగేది న్యాయమైన ప్రశ్న: "సార్, గొలుసు లెక్కకు, దీనికి ఎంత తేడా వస్తుంది?" చదరంగా ఉన్న ఎకరం తోటకు ఒక్కో భుజం సుమారు 64 మీటర్లు. నడిచిన గీత హద్దు చుట్టూ అరమీటరు లోపలికి, అరమీటరు బయటికి ఊగినా లెక్క సర్దుకుంటుంది. కానీ అంతా ఒక మీటరు బయటికే పోతే ఆరు సెంట్లకు పైగా పెరుగుతుంది. ఆగకుండా ఒకే చుట్టులో నడిస్తే దోషం చాలావరకు ఒకే దిక్కుకు ఉంటుంది, ఆకారం మొత్తం పక్కకు జరుగుతుందే తప్ప విస్తీర్ణం అంతగా మారదు. కాబట్టి మధ్యలో టీకి ఆగకండి. గట్టు తగాదాలకు మాత్రం ఇది పనికిరాదు. భూముల రీసర్వేలో వాడే రోవర్లనే సర్వే పరికరాలు సెంటీమీటర్లలో చెబుతాయి, ఆ పని వాటిదే.

ఎత్తు విషయంలో ఇంకో జాగ్రత్త. మన ప్రాంతంలో సముద్రమట్టపు లెక్కకు, భూమిని నున్నటి దీర్ఘవృత్తజంగా (కాస్త నొక్కిన బంతి ఆకారంగా) తీసుకునే జీపీఎస్ లెక్కకు దాదాపు 90 మీటర్ల తేడా ఉంది. ఆ సవరణ చేయని యాప్‌లో 850 మీటర్ల ఎత్తున్న తిరుమల 760 దగ్గర కనిపిస్తుంది. రిసీవర్ పాడైందని దుకాణానికి పరుగెత్తకండి, యాప్ అమరికలు చూడండి.

కోతకు ముందు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే మాకు కొలతలు ఎక్కువ. విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) చుట్టూ ఉండే ఈ రోజుల్లోనే, సూర్యాస్తమయం తర్వాత అయనావరణంలో (వాతావరణపు పైభాగాన విద్యుదావేశం ఉన్న పొరలో) అలజడి పుట్టి సంకేతాలు మినుకుమంటాయి. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు ఈ బాధ ఎక్కువ. తిరుపతి దగ్గరి గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్‌తో పరిశీలించే విషయాల్లో ఇదీ ఒకటి. ఏ ధర రిసీవర్‌కైనా ఇది తప్పదు కాబట్టి నేను పొద్దు గుంకే లోపే హద్దులు ముగిస్తాను.

ఆండ్రాయిడ్ టాబ్లెట్ యూఎస్‌బీ రిసీవర్‌ను తనంతట తాను స్థానంగా తీసుకోదు. రిసీవర్ లెక్కను టాబ్లెట్‌కు అందించే ఒక యాప్‌ను, డెవలపర్ ఆప్షన్లలో మాక్ లొకేషన్ (బయటి స్థానం ఇచ్చే) యాప్‌గా ఎంచుకోవాలి. పాకెట్ పీసీలో ఈ తంటా ఉండేది కాదు, రిసీవర్ తగిలిన కామ్ పోర్టు సంఖ్య, 4800 అనే డేటా వేగం ఇస్తే చాలేది. ఇక తీగ రిసీవర్‌లో ముందుగా అరిగేది ఓటీజీ పిన్ను. వంపు తిరిగిన పిన్ను ఉన్న అడాప్టర్లు రెండు కొని, ఒకటి బండి పెట్టెలో ఉంచుకోండి.