బాత్రూం స్విచ్ మార్పించాం, పని సూపర్, దుమ్ము మాత్రం అబ్బో

మా బాత్రూంలో లైట్ స్విచ్ సరిగ్గా తలుపు వెనకాల ఉండేది. లోపలికెళ్ళి, తలుపు వేసి, అప్పుడు చీకట్లో గోడ తడుముకుంటూ వెతుక్కోవాలి. మా నాన్నగారైతే రాత్రిళ్ళు ఆ గొడవంతా ఎందుకని తలుపు ఓరగా ఉంచి బయట లైట్ వెలుతురుతోనే కానిచ్చేసేవారు. పైగా షవర్‌కి బాగా దగ్గర, తడి చేత్తో నొక్కితే ఒక్కోసారి చిటపటమని సౌండ్ వచ్చేది, అలవాటైపోయి పట్టించుకోలేదు మేం కూడా.

మొదట చూసినాయన వాటర్‌ప్రూఫ్ కవర్ బిగించేస్తా సరిపోతుంది అన్నాడు. కవరేస్తే తలుపు వెనక నుంచి ముందుకొస్తుందా అండీ? రెండో ఆయన్ని పిలిచాం, ఈ రివ్యూ ఆయన పని గురించే.

వచ్చీ రాగానే మిషన్ తీయలేదు, టేపు పెట్టి కొలిచారు. షవర్ నుంచి 1.2 మీటర్ల లోపల మామూలు స్విచ్ ఉండకూడదు మేడం, దీన్ని పక్కకి జరిపితే లాభం లేదు, బయటికే తెచ్చేద్దాం అన్నారు. బయట తలుపు గొళ్ళెం వైపు గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, మీరొకసారి నడుచుకుంటూ వచ్చి చెయ్యి ఎక్కడికెళ్తుందో చూడండి అన్నారు, నాకు అది భలే నచ్చింది, నాన్నగారిని కూడా నడిపించి ఆయన చెయ్యి ఆనిన చోటే ఫిక్స్ చేశారు.

ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఆపేసి మీటర్ పెట్టి సప్లై లేదని చూసుకున్నాకే పాత ప్లేటు విప్పారు. లోపల స్క్రూల దగ్గర రాగి అంతా పచ్చగా చిలుం పట్టి ఉంది. అప్పుడు నేను, ఆఫ్ చేసినా బల్బు రాత్రంతా సన్నగా వెలుగుతూనే ఉంటుందండీ, బల్బు పాడైందనుకుని రెండు మార్చాం అన్నాను. ఆయన మళ్ళీ ఎంసీబీ వేసి హోల్డర్ దగ్గర చెక్ చేస్తే, స్విచ్ ఆఫ్‌లోనే ఉంది కానీ అక్కడ కరెంటు ఉంది! ఇల్లు కట్టినప్పుడు ఎవరో ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌ని (తిరిగెళ్ళే వైరు) స్విచ్‌లోంచి తిప్పారట. లైటు ఆరుతుంది గానీ ఫేజ్ బల్బు దాకా అలానే ఉంటుంది, ఎల్ఈడీ కాబట్టి ఆ కాస్త లీకేజీకే మినుకుమినుకుమనేది. ఆఫ్ చేశాం కదా అని ఆ బల్బులు రెండూ స్టూలెక్కి మార్చింది నేనే, అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పైన జంక్షన్ బాక్స్‌లో అది సరిచేసి, గాడి కొట్టి పైపు వేసి, ఎర్త్ వైరుతో సహా కొత్త వైర్లు లాగారు. గాడి కూడా నిలువుగా, అడ్డంగానే కొట్టారు, దగ్గరదారి అని ఐమూలగా కొడితే రేపు మీరే మేకు దిగ్గొట్టి వైరు కోస్తారు అన్నారు.

ఒక్కచోట మాత్రం వాదన అయింది. పాత బాక్స్ మీద టైల్ అతికించి మూసేయమన్నాను, ఆయన ససేమిరా అన్నారు. లోపల వైర్ల జాయింట్ ఉంది, రేపేదైనా అయితే టైల్ పగలగొట్టుకుంటారా అని ఖాళీ ప్లేటు బిగించి రబ్బరు వాషర్ వేశారు. చూడ్డానికి అంత బాలేదు గానీ ఆయన చెప్పిందే రైటు.

ఇక దుమ్ము సంగతి. కటింగ్ మిషన్ పెట్టేముందు పరదా కట్టమంటే ఐదు నిమిషాల పనే కదా మేడం అన్నారు, ఆ ఐదు నిమిషాల దుమ్ము నాలుగు రోజులు తుడిచాను, బీరువాలో మడత పెట్టిన బట్టల మీద కూడా. గాడి పూడ్చిన చోట రంగు కూడా వెయ్యలేదు, అది మనమే చూసుకోవాలట. అందుకే ఐదుకి నాలుగు.

పిల్లలున్న వాళ్ళకి ఇంకో మాట, స్విచ్ బయటుంటే లోపల స్నానం చేసేవాళ్ళ ఖర్మ. మా తమ్ముడు నిన్న సబ్బు మొహంతో మూడుసార్లు అరిచాడు. దానికి మాత్రం ఎలక్ట్రీషియన్‌కి మార్కులు తగ్గించలేదు లెండి.