గీజరుకి టెంపరేచర్ సెన్సర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మాది 15 లీటర్ల స్టోరేజీ గీజరు, 2 కిలోవాట్ల కాయిల్. దాని మీద ఎర్ర లైటు తప్ప లోపల నీళ్లు ఎంత వేడెక్కాయో చెప్పేది ఏదీ లేదు. అందుకే డీఎస్18బీ20 స్టీలు ప్రోబు సెన్సరొకటి, ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డొకటి కొని, ఇంట్లోని పరికరాల్ని ఫోన్లో చూపించే సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్‌కి కలిపాను. కచ్చితంగా పెట్టుకోదగ్గదే, కాకపోతే ఏ సెన్సర్ కొన్నామన్న దానికన్నా దాన్ని ఎక్కడ అతికించామన్నదే ముఖ్యం.

ట్యాంకుకి కన్నం పెట్టొద్దు, వారంటీ పోతుంది, లీకేజీ కూడా మొదలవుతుంది. నేను గీజరుకి కరెంటిచ్చే ఎంసీబీ ఆపేసి, వేణ్నీళ్లు బయటికొచ్చే పైపు మీద, గీజరు బాడీకి వీలైనంత దగ్గరగా ప్రోబు ఆనించి, మధ్యలో థర్మల్ పేస్టు రాసి, అల్యూమినియం టేపు చుట్టి, పైన ఫోమ్ కట్టాను. నల్లా కట్టేసి ఉన్నప్పుడు పైపు మీది రీడింగు లోపలి నీళ్లకన్నా తక్కువే ఉంటుంది, తిప్పగానే పైకి పోతుంది. ఆ తేడా ఎంతో వంటింటి థర్మామీటరుతో చూసుకుని సెట్టింగుల్లో కలిపేశాను.

అసలు లాభం ఏంటంటే, ఇంట్లో అందరూ గీజరు వేసి గంటసేపు వదిలేసే అలవాటు పోయింది. 20 డిగ్రీల నీళ్లు 55కి రావడానికి లెక్కప్రకారం 18 నిమిషాలు చాలు, మా గ్రాఫు కూడా దాదాపు అదే చెప్తుంది. కొన్ని సాయంత్రాలు ఎక్కువసేపు పడితే కాయిల్ పోతోందేమో అని టెన్షన్ పడక్కర్లేదు, ముందు వోల్టేజీ చూడండి: 230 వోల్టులు 200కి పడితే కాయిల్ ఇచ్చే వేడి నాలుగో వంతు తగ్గుతుంది, అదే పనికి 24 నిమిషాలు పడుతుంది. ఇంకోటి, రాత్రి మిగిలిన వేణ్నీళ్లు తెల్లారేసరికి పది పన్నెండు డిగ్రీలే తగ్గుతున్నాయి, కాబట్టి మొదట స్నానానికెళ్లేవాళ్లకి చాలాసార్లు స్విచ్ వేయక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఫోన్లో హెచ్చరిక తప్పకుండా పెట్టుకోండి, 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి.

ఇక చికాకులు. కరెంటు పోయి రాగానే ఈ సెన్సర్ ఒక్కోసారి 85 అని చూపిస్తుంది, అది నిజమైన వేడి కాదు, కొలత మొదలవ్వక ముందు దాన్లో ఉండే అంకె. వైరు ఊడితే -127 వస్తుంది. ఈ రెండిటినీ వడకట్టకపోతే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. డేటా వైరుకి, 3.3 వోల్టులకి మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మర్చిపోవద్దు. ప్రోబుతో వచ్చే పీవీసీ వైరు పైపు వేడికి బిర్రబిగుసుకుపోయింది, దాన్ని తీసి సిలికాన్ వైరున్న ప్రోబు వేశాక ఆ బాధ లేదు. నకిలీలు చాలా ఉన్నాయి, కొనగానే కరుగుతున్న ఐసు నీళ్లలో ముంచి సున్నాకి అర డిగ్రీ అటూ ఇటూ చూపిస్తోందో లేదో చూసుకోండి.

బోర్డు, అడాప్టరు బాత్రూమ్ బయటే పెట్టాను. గీజరు ఆన్ ఆఫ్ పని మాత్రం దీనికి ఇవ్వలేదు. 2 కిలోవాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, బోర్డు చెప్పినట్టు కరెంటు ఆన్ ఆఫ్ చేసే చిన్న నీలం రిలేలు రోజూ అంత మోస్తే వేడెక్కిపోతాయి. కంపెనీ ఇచ్చిన థర్మోస్టాట్, వేడి మరీ పెరిగితే కరెంటు ఆపేసే కటౌట్ ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరున్నవాళ్లకి మాత్రం ఇదంతా అనవసరం.