టెక్సస్‌లో వేట లీజు కాగితాలు: కొన్న ఫారం, సైటు ఒప్పందం, ఉచిత నమూనా

టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటు చేతుల్లోనే ఉంది. జింక వేటకైనా, పందుల వేటకైనా ఎవరో ఒక రాంచ్ (పశువులు పెంచే భూమి) యజమానికి డబ్బు కట్టి అక్కడ వేటాడే హక్కు, అంటే వేట లీజు, మాట్లాడుకోక తప్పదు. మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టుకోకా తప్పదు. ఆ కాగితం మూడు చోట్ల దొరుకుతోంది. లీగల్ ఫారాలు అమ్మే వెబ్‌సైట్లలో కొన్ని డాలర్లు కడితే డౌన్‌లోడ్ అయ్యేది ఒకటి. వేట లీజులను లిస్ట్ చేసే సైట్లు బుకింగ్ సమయంలో మనచేత 'ఒప్పుకుంటున్నాను' అని క్లిక్ చేయించేది రెండోది. టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ (యూనివర్సిటీ వ్యవసాయ విస్తరణ విభాగం) వాళ్లు ఉచితంగా ఇచ్చే చెక్‌లిస్టు, నమూనా లీజు మూడోది. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, డబ్బిచ్చి కొన్నదే అన్నిటికన్నా పలచన అని తేలిపోతుంది. గట్టిది ఉచితంగా వచ్చేదే. అయితే దాన్ని కూడా ఉన్నదున్నట్టు సంతకం పెట్టేస్తే వేటగాడికి ఒరిగేది తక్కువ.

ముందు కొనుక్కునే ఫారం సంగతి. 5కి 2 మార్కులు. పేర్లు, ఎకరాలు, తేదీలు, డబ్బు, చివర్లో 'ఏం జరిగినా యజమానిది బాధ్యత కాదు' అనే ఒక పేరా, ఇంతే సరుకు. అన్ని రాష్ట్రాలకూ ఒకే ఫారం రాసి పైన రాష్ట్రం పేరు మార్చి అమ్మడం వల్ల టెక్సస్‌లో అసలు ఆ పేరా దగ్గరే దెబ్బ తింటుంది. ఒకరు తమ నిర్లక్ష్యం వల్ల జరిగే నష్టానికి కూడా ముందుగానే బాధ్యత వదిలించుకోవాలంటే ఇక్కడి కోర్టులు రెండు షరతులు పెడతాయి. 'నిర్లక్ష్యం' అన్న మాట ఒప్పందంలో సూటిగా ఉండాలి. ఆ భాగం చదివేవాడి కంట పడేలా, పెద్ద అక్షరాల్లోనో బోల్డ్‌లోనో విడిగా కనిపించాలి. రాష్ట్ర సుప్రీంకోర్టు మొదటి షరతును 1987లో, రెండోదాన్ని 1993లో ఖాయం చేసింది. మిగతా వాక్యాల మధ్య అదే సైజు అక్షరాల్లో కలిసిపోయిన పేరా వీటి ముందు నిలబడదు.

ఇంకో సంగతి ఉంది. టెక్సస్ సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్‌లో 75ఏ అనే అధ్యాయం వ్యవసాయ భూమి మీద వినోదం కోసం వచ్చేవాళ్ల విషయంలో యజమానికి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణకు రెండు దారులు: చట్టంలో ఉన్న హెచ్చరికతో కనిపించే చోట బోర్డు పెట్టడం, లేదా అదే రకం హెచ్చరిక ఉన్న కాగితం మీద ముందే సంతకం తీసుకోవడం. కాగితం దారి పడితే అది లీజులో ఒక పేరాగా ఉంటే చాలదు, వేరే పత్రంగా ఉండాలి. అక్షరాలు 10 పాయింట్లకు తగ్గకుండా, బోల్డ్‌లో ఉండాలి. చట్టంలోని మాటల్నే వాడాలి. మైనరు వస్తే తల్లి గానీ తండ్రి గానీ గార్డియన్ గానీ సంతకం పెట్టాలి. కొనుక్కున్న ఫారం దీన్నంతా ఒకే కాగితంలోకి కుక్కేస్తుంది.

'ఇదంతా యజమాని గొడవ, మాకెందుకు' అని వేటగాళ్లు అనుకుంటారు. తన రక్షణ మీద అనుమానం ఉన్న యజమాని మరుసటి ఏడాది గేటు తాళం మార్చేస్తాడు, అందుకు. పైగా అదే కోడ్‌లోని 75వ అధ్యాయం వసూలు చేసే డబ్బుకూ లెక్క పెట్టింది. వినోదానికి వచ్చేవాళ్ల దగ్గర యజమాని ఏడాదిలో తీసుకున్న మొత్తం, ఆ భూమికి పడిన ఆస్తి పన్నుకు 20 రెట్లు దాటకపోతే చట్టం అతని బాధ్యతను బాగా తగ్గిస్తుంది. వ్యవసాయ భూమిగా పన్ను రాయితీ ఉన్న 300 ఎకరాలకు 450 డాలర్ల పన్ను పడిందనుకుందాం. ఇరవై రెట్లంటే 9,000. నలుగురు తలా 1,500 ఇస్తే 6,000, ఇబ్బంది లేదు. ఎనిమిదిమందిని చేర్చుకుంటే 12,000, గీత దాటిపోయింది. అప్పుడు అతను బీమా వైపు వెళ్లాలి: ఒక మనిషికి 5 లక్షల డాలర్లు, ఒక ఘటనకు 10 లక్షలు, ఆస్తి నష్టానికి లక్ష కవరేజీ ఉంటే పన్ను లెక్కతో పని లేదు. అందుకే బేరం మొదలయ్యే ముందే పన్ను ఎంతో చూసుకోవడం మంచిది. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కార్యాలయం) వెబ్‌సైటులో పార్సెల్, అంటే ఆ భూమి ముక్క, వెతికితే యజమాని పేరు, ఎకరాలు, పన్ను విలువ అన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి.

ఆ పేజీలో యజమాని పేరును జాగ్రత్తగా చదవాలి. లీజు ఇస్తానంటున్న మనిషి పేరు ఒకటి, అక్కడున్నది ఏదో ట్రస్టు పేరో ఎల్‌ఎల్‌సీ పేరో అయితే, సంతకం పెట్టే అధికారం అతనికి ఉందని చూపించే కాగితం అడగాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉమ్మడిగా పొందిన భూమి అయితే అందరి సంతకాలూ తీసుకోవడం క్షేమం. మొహమాటపడితే మునిగిపోయేది వేటగాడే. యజమాని సమ్మతి లేకుండా అతని భూమి మీద వైట్‌టెయిల్ జింకను చంపితే టెక్సస్‌లో అది స్టేట్ జైల్ ఫెలనీ, అంటే జైలు శిక్ష పడే తీవ్ర నేరం. ఏడాదికి మించిన లీజు రాతపూర్వకంగా లేకపోతే కోర్టులో చెల్లదు కాబట్టి, మూడేళ్ల మాటను కరచాలనంతో ముగించడం కూడా పొరపాటే. యజమానికీ ఒక పని ఉంది. డబ్బు తీసుకుని వేటకు రానిచ్చేవాళ్లు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర హంటింగ్ లీజ్ లైసెన్సు తీసుకోవాలి: 499 ఎకరాల వరకు 79 డాలర్లు, 500 నుంచి 999 వరకు 147, వెయ్యి, ఆపైన 252. కొనుక్కున్న ఫారాల్లో దీని ప్రస్తావనే ఉండదు. ఉచిత నమూనా వాడినా సరే, ఆ లైసెన్సు నంబరు రాసే ఒక గడి చేర్చుకోండి.

లిస్టింగ్ సైట్ల ఒప్పందానికి 5కి 3 ఇవ్వొచ్చు, అదీ పనిని బట్టి. శనాదివారాలు పందుల వేటకో, సెప్టెంబరులో రెండు రోజుల డవ్ (పావురాల) వేటకో ఇవి హాయి. డబ్బు సైటు ద్వారా వెళ్తుంది, గొడవ వస్తే చూపించడానికి రసీదు ఉంటుంది, కొన్ని సైట్లు బీమా కూడా కలిపి ఇస్తాయి. ఏడాది లీజుకు వచ్చేసరికి ఇరుకు. ఒప్పందంలో ఒక్క ముక్క మార్చడానికి వీలుండదు, భూమి గురించి సైటు ఏ హామీ ఇవ్వదు, గొడవ ముదిరితే 'మేం మధ్యవర్తులం మాత్రమే' అన్న వాక్యం బయటికొస్తుంది. సైటులో భూమిని వెతుక్కోండి, మొదటి బుకింగ్ అక్కడే చేసుకోండి, ఏడాది లీజు మాత్రం విడి కాగితం మీద రాసుకోండి. కాకపోతే తమను దాటి యజమానితో నేరుగా ఒప్పందం చేసుకోవడాన్ని నిషేధించే షరతు ఆ సైటులో ఉందేమో ముందు చదవాలి.

ఎక్స్‌టెన్షన్ వాళ్ల నమూనాకు 4. దాని బలమంతా చెక్‌లిస్టులో ఉంది. వాహనాలు ఎక్కడిదాకా, అతిథులు ఎంతమంది, మందు తాగొచ్చా, క్యాంపు ఎక్కడ, చెత్త ఎవరిది అని ఒక్కొక్కటీ అడుగుతుంది, జవాబు రాయకుండా ముందుకు పోనివ్వదు. గొడవ పడ్డ లీజుల్లో చాలావాటికి కారణం తప్పుగా రాసిన షరతు కాదు, అసలు మాట్లాడుకోని విషయం. ఒక మార్కు ఎందుకు పోయిందంటే ఇది ప్రధానంగా పశువులు పెంచే యజమానుల కోసం తయారైంది. వేటగాడి తరఫున అడగాల్సినవి మనమే రాసుకోవాలి.

వాటిలో మొదటిది పశువులు. చాలా రాంచ్‌లలో గడ్డి మేపే కౌలు ఇంకొకరికి ఉంటుంది. ఆవులు యజమానివి కావు, ఆ కౌలుదారువి. నవంబరు మొదటి శనివారం జింకల జనరల్ సీజన్ మొదలయ్యే రోజునే ఆయన మందను మీ బ్లైండ్ (వేటగాడు దాక్కుని కూర్చునే గది) ముందుకు తోలితే ఎవరిని నిలదీస్తారు? మేత లీజు ఉందా, ఉంటే ఏ నెలల్లో ఏ పాశ్చర్‌లో (మేత మైదానంలో) మంద ఉంటుంది అన్నది రాయించుకోవాలి. ఫీడర్ (జింకలకు గింజలు వేసే డబ్బా) చుట్టూ కంచె కట్టుకోవచ్చా, దాని ఖర్చు ఎవరిది అన్నదీ అక్కడే తేలాలి. 16 అడుగుల పొడవు, 34 అంగుళాల ఎత్తు ఉండే హాగ్ ప్యానెళ్లను (గట్టి తీగ పలకలను) టీ-పోస్టులకు, అంటే ఇనుప కంచె స్తంభాలకు, బిగించి వలయంగా కడితే పందులు ఆగుతాయి, జింకలు దూకి లోపలికొస్తాయి. ఆవు మాత్రం ఆ ఎత్తుకు మెడ చాచి ఒరిగి ప్యానెల్‌ను వంచేస్తుంది. మంద ఉన్న చోట పైన ముళ్లతీగ ఒక వరుస అదనంగా లాగాలి. ఆ పని రాంచ్ కంచెకు తగలకుండా చేస్తామని రాసిస్తే యజమాని సులువుగా ఒప్పుకుంటాడు.

రెండోది నేల కింద హక్కు. టెక్సస్‌లో పైభూమి ఒకరిదీ, ఖనిజాలు మరొకరివీ కావడం మామూలే, ఖనిజ హక్కుదే పైచేయి. ఆయిల్ కంపెనీ డ్రిల్లింగ్ రిగ్గుతో వస్తే యజమానే ఆపలేడు, ఇక లీజుదారు సంగతి చెప్పేదేముంది. ఆపమని రాసుకోవడం దండగ. వేట పాడైన రోజులకు దామాషాలో డబ్బు వెనక్కి ఇవ్వాలని రాసుకోవడం పనికొచ్చే షరతు. సీజన్ మధ్యలో భూమి అమ్ముడుపోతే ఏమవుతుందన్నదీ ఇదే పేరాలో పెట్టండి: కొన్నవాడు లీజుకు కట్టుబడాలి, లేదా మిగిలిన కాలానికి ఇన్ని రోజుల్లో డబ్బు తిరిగి రావాలి.

పటం లేని లీజు సగం లీజే. పార్సెల్ సరిహద్దు పటం ప్రింటు తీసి అందులో గేట్లు, బ్లైండ్లు, ఇల్లు, పశువుల దొడ్లు, తుపాకి పేల్చకూడని ప్రదేశాలు గుర్తుపెట్టి, ఇద్దరూ దాని మీద కూడా సంతకం చేయాలి. పాత ముళ్లకంచె ఉన్నచోటే హద్దు ఉంటుందని లేదు. ఫోన్‌లోని పటం గీత కూడా కొన్ని గజాలు అటూ ఇటూ జరగొచ్చు. బ్లైండ్ కిటికీ హద్దు వైపు తిరిగి ఉంటే దాని దిశ మార్చాలి, ఎందుకంటే ఇక్కడ గుండు హద్దు దాటడమే నేరం. చెట్టు మొదళ్ల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే అది 'లోపలికి రావద్దు' బోర్డుతో సమానం: నేల నుంచి 3 నుంచి 5 అడుగుల మధ్య, 8 అంగుళాల పొడవుకు తగ్గని నిలువు గీతలు. తగిలిన జింక కంచె దాటి అవతల పడిపోతే పక్క యజమానిని అడగకుండా అడుగు పెట్టకూడదు. అందుకే పక్క రాంచ్‌ల ఫోన్ నంబర్లు యజమాని దగ్గర తీసుకుని పటం వెనక రాసుకోవడం అలవాటు చేసుకోండి.

వేట లెక్క రాసేటప్పుడు 'తలకో జింక' అని రాస్తే తగవు గ్యారంటీ. మగవా, ఆడవా, ఎన్ని? చాలా కౌంటీల్లో మగ జింకకు కొమ్ముల నియమం ఉంది: లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి, లేదా కనీసం ఒక కొమ్ము కొనలు చీలకుండా ఉండాలి. యజమాని ఇంతకన్నా కఠినంగా ఉండమనొచ్చు, వదులుగా ఉండమనే హక్కు అతనికి లేదు. ఆ రాంచ్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవారి మేనేజ్డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రాం (జింకల నిర్వహణ పథకం)లో ఉంటే ట్యాగులు, అంటే చంపిన జింకకు కట్టే చీటీలు, రాంచ్ పేరు మీద వస్తాయి, మన లైసెన్సుకున్నవి కావు. ఎవరికి ఎన్ని అన్నది డబ్బు ఇచ్చే ముందే రాయించుకోవాలి. గన్‌కు (ఒక్కో వేటగాడికి) ఇంత అని ధర చెప్పినప్పుడు కొడుకు, బావమరిది లెక్కలోకి వస్తారా అన్నది కూడా.

హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇది మరోసారి చదవండి. నాన్-ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్లు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం దానికి మినహాయింపుల్లో ఒకటి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్ ప్రైవేటు భూమి మీద, యజమాని సమ్మతితో, అడవి పందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండూ కలిసే చోటే వల ఉంది. 'పందులకే కదా, లైసెన్సు ఎందుకు' అని మానేస్తే రాష్ట్రం ఏమీ అనదు, ఫెడరల్ మినహాయింపు మాత్రం పోతుంది. పందుల లీజైనా సరే లైసెన్సు కొని జేబులో పెట్టుకోండి. మీ పరిస్థితి కాస్త భిన్నంగా ఉంటే ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే తుపాకి ముట్టుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కూడా తప్పనిసరి. లీజులో చేరే ప్రతివాడి సర్టిఫికెట్ నంబరు ఒక కాగితం మీద ఉంచితే మంచిది.

బీమా విషయంలో చూడాల్సినవి రెండే. వేటగాళ్లు తీసుకునే పాలసీలో యజమాని పేరు 'అడిషనల్ ఇన్సూర్డ్'గా, అంటే అదే పాలసీ రక్షణ పొందే అదనపు వ్యక్తిగా, ఉండాలి. ఒక సభ్యుడి తూటా ఇంకో సభ్యుడికి తగిలితే కవరవుతుందా అన్నది ఏజెంటు చేత రాతలో చెప్పించుకోవాలి, బయటివాళ్లకు తగిలితేనే వర్తించే పాలసీలు ఉంటాయి.

ఉచిత నమూనాలో ఇవన్నీ నింపి, టెక్సస్‌లో వ్యవసాయ భూముల పని చూసే లాయరు చేత ఒకసారి చదివించడం ఫారం కొనడం కన్నా ఎక్కువ ఖర్చే. అయితే ఆ ఖర్చు సభ్యులు పంచుకుంటారు, తర్వాతి ఏళ్లలో తేదీలూ డబ్బూ మారిస్తే అదే కాగితం పనికొస్తుంది. గడువు సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా పెట్టుకుంటే రాష్ట్ర లైసెన్సు ఏడాదితో కలిసిపోతుంది. ఫీడర్లు, బ్లైండ్లు తీసుకెళ్లడానికి గడువు అయ్యాక 30 రోజులు అని రాయించండి. ఆ రోజులు దాటితే అవి ఎవరివవుతాయో కూడా అక్కడే రాయించండి.