తలాక్ దాకా వెళ్లకముందు: ఇంటి పెద్దలా, ఫ్యామిలీ కోర్టా?

భార్యాభర్తలకు పొసగకపోతే చెరో కుటుంబం నుంచి ఒక మధ్యవర్తిని పెట్టమని ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం) 35వ ఆయత్ (వాక్యం) చెబుతుంది. తలాక్‌కు ముందు ఆ ప్రయత్నం జరిగి ఉండాలని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు కూడా అంది.

పెద్దలకు అసలు గొడవ ఎక్కడుందో తెలుసు. అత్తగారి మాటా, గల్ఫ్ నుంచి రాని డబ్బా, వేరు కాపురమా అన్నది ఒక్క సాయంత్రంలో బయటపడుతుంది. ఖర్చూ తక్కువే. కానీ పాతబస్తీలోనైనా కర్నూలులోనైనా ఆ గదిలో కూర్చునేది ఎక్కువగా మగవాళ్లే. "నువ్వే సర్దుకుపోమ్మా" అన్న మాట అమ్మాయికే వస్తుంది. మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము), పెళ్లినాటి బంగారం సంగతి నోటిమాటగానే మిగిలిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఫ్యామిలీ కోర్టులో వాయిదాల టెన్షన్ తప్పదు. అక్కడా 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం ముందు రాజీకే ప్రయత్నించాలి. కుదిరిన ఒప్పందం కాగితం మీదకెక్కుతుంది, ఒకరు మాట తప్పినా అమలు చేయించుకోవచ్చు.

కొట్టడం, బెదిరించడం ఉంటే నేరుగా కోర్టుకే వెళ్లాలి. లేదంటే పెద్దలతో మొదలుపెట్టండి. అయితే తన తరఫు మనిషిని అమ్మాయే ఎంచుకోవాలి, మాట్లాడుకున్నదంతా రాయించుకోవాలి.